బడిలో ఏసీల బిగింపు: ఖాళీ స్థలం, భద్రత కొలతల డైరీ

కింద మూడు, పైన మూడు, మొత్తం ఆరు తరగతి గదులున్న బడి భవనం ఇది. ప్రతి గదీ 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. అంటే 48 చదరపు మీటర్ల నేల, 144 ఘనపు మీటర్ల గాలి. గదికి 40 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు. ఎంచుకున్నవి ఆర్-32 అనే శీతలీకరణ వాయువుతో నడిచే గోడ స్ప్లిట్ ఏసీలు. ఎక్కడ ఎంత ఖాళీ వదిలాం, ఏ అమరిక పనిచేయలేదు, దాన్ని ఎందుకు మార్చాం అన్నవే ఇక్కడ రాస్తున్నాను. ప్రతి యూనిట్ విషయంలోనూ మేము వేసుకున్న ప్రశ్న ఒకటే: పిల్లల చేతికి అందకుండా, మెకానిక్ చేతికి తేలికగా అందేలా ఇది ఎక్కడ నిలుస్తుంది? ఈ రెండూ ఒకేచోట కుదరడం అనుకున్నంత సులువు కాదు.

దశ 1: గది లెక్క

గది వైశాల్యాన్ని బట్టి ఏసీ సైజు చెప్పే పట్టికలు ఇళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఇంత వైశాల్యంలో ఇంట్లో అయితే నలుగురుంటారు, బడిలో 41 మంది ఉంటారు. కూర్చుని పనిచేసే మనిషి ఒంటి నుంచి వేడి, తేమ కలిపి సుమారు 100 వాట్లు వెలువడుతుంది. కింది అంతస్తు గదికి, బయట 37 డిగ్రీలు, లోపల 25 డిగ్రీలు అనుకుని వేసిన లెక్క ఇది.

1. మనుషులు: 4.1 కిలోవాట్లు
2. దీపాలు, ఫ్యాన్లు, ప్రొజెక్టర్: 0.5
3. గోడలు, కిటికీలు: 3.4
4. బయటి నుంచి తీసుకునే తాజా గాలి: 7.3

నాలుగో అంకెను చూసి అందరూ తప్పు పడిందనే అనుకున్నారు, కానీ తప్పు లేదు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని లోపలికి తీసుకురాదు. తరగతి గదులకు ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) 62.1 ప్రమాణం మనిషికి సెకనుకు 5 లీటర్లు, పైగా చదరపు మీటరుకు 0.6 లీటర్ల బయటి గాలి ఉండాలంటుంది. మా గదికి అది సెకనుకు 234 లీటర్లు. అంత వేడి గాలిని 25 డిగ్రీలకు దించడానికి 3.4 కిలోవాట్లు, అందులోని తేమను తీయడానికి మరో 3.9 కిలోవాట్లు అవసరం.

తాజా గాలి లేకుండా నడిపితే ఏమవుతుందో మొదటి గదిలో కొలిచి చూశాము. పిల్లలంతా కూర్చున్నాక తలుపులు, కిటికీలు మూసి ఏసీ వేస్తే, 480 దగ్గర మొదలైన కార్బన్ డయాక్సైడ్ పాళ్లు ఎనిమిది నిమిషాల్లో పది లక్షలకు 1,000 వంతులు దాటాయి, ఇరవై అయిదు నిమిషాలకు 1,900 దాటాయి. గది చల్లగానే ఉంది, పిల్లలు ఆవలిస్తున్నారు. అందుకని ప్రతి గదికీ బయటికి వెళ్లే చల్లగాలి నుంచి లోపలికి వచ్చే గాలికి చల్లదనాన్ని బదలాయించే ఎనర్జీ రికవరీ వెంటిలేటర్‌ను చేర్చాము. దానితో నాలుగో అంకె 7.3 నుంచి 2.9కి దిగింది, మళ్లీ కొలిస్తే పాళ్లు 1,100 దగ్గర నిలిచాయి.

*ఇప్పటిదాకా లెక్క:* కింది గదికి 10.9 కిలోవాట్లు, నేరుగా ఎండ తగిలే పైకప్పు వల్ల పై గదికి 12.3. ఒక టన్ను అంటే 3.517 కిలోవాట్లు కాబట్టి గదికి రెండు టన్నుల యూనిట్లు రెండు చొప్పున, మొత్తం 12 యూనిట్లు, 6 వెంటిలేటర్లు.

దశ 2: ఇండోర్ యూనిట్ చోటు

తయారీదారు పుస్తకంలో పైన 15 సెంటీమీటర్లు, పక్కల 12 సెంటీమీటర్లు, నేల నుంచి యూనిట్ అడుగు భాగానికి 2.3 మీటర్లు అని ఉంది. మేము 2.5 మీటర్లకు వెళ్లాము, ఎందుకంటే బెంచీ మీద నిలబడి చెయ్యి చాచిన పిల్లవాడికి 2.3 మీటర్లు అందే ఎత్తే. 3 మీటర్ల గదిలో 2.5 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్ల యూనిట్ పెడితే పైన మిగిలేది 20 సెంటీమీటర్లు. అది చాలుతుంది, కానీ దూలం కిందికి వస్తే చాలదు. రెండు గదుల్లో దూలం అడుగు 2.72 మీటర్ల ఎత్తులోనే ఉండడంతో అక్కడ యూనిట్లను పక్క గోడకు మార్చాము.

స్థానం ఖరారు చేసే ముందు గోడ మీద అట్టముక్కను యూనిట్ కొలతలకు కత్తిరించి అంటించి, ఈ కింది వరుసలో చూశాము.

1. ఫిల్టరు తీయడానికి యూనిట్ ముందు వైపు మూత పూర్తిగా పైకి లేస్తుందా?
2. గాలి నేరుగా ఏ బెంచీ మీదైనా పడుతుందా?
3. కింద నల్లబల్ల, స్విచ్చి బోర్డు, ప్రొజెక్టర్ ఉన్నాయా? నీరు కారితే తడిసేది ఏమిటి?
4. పొగను పసిగట్టే డిటెక్టర్ ఎంత దూరంలో ఉంది?

నాలుగోదాన్ని చాలామంది పట్టించుకోరు. డిటెక్టర్ మీదికి చల్లగాలి తగులుతుంటే పొగ దాని దాకా చేరదు. గాలి వచ్చే మూతికి కనీసం 90 సెంటీమీటర్ల ఎడం ఉంచాలన్నది అగ్నిభద్రతలో తెలిసిన నియమం. ఒక గదిలో ఆ ఎడం 55 సెంటీమీటర్లే వచ్చింది. డిటెక్టర్‌ను కదిలించడానికి వేరే అనుమతి కావాలి కనుక ఏసీనే జరిపాము.

శబ్దం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఖాళీ తరగతి గదిలో 35 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా ప్రమాణం ఎస్12.60 చెబుతుంది. రెండు యూనిట్లూ గరిష్ఠ వేగంలో 47 వచ్చాయి, కనిష్ఠ వేగంలో 36. పాఠం మొదలయ్యేలోపు గదిని చల్లబరిచి, తరువాత వేగం తగ్గించే టైమర్ పెట్టాము. 35కి దించడం ఈ రకం యూనిట్లతో సాధ్యపడలేదు.

దశ 3: అవుట్‌డోర్ యూనిట్లు, పనిచేయని సందు

ఈ పనిలో ఎక్కువ కాలం తిన్నది ఇదే. నక్షాలో అవుట్‌డోర్ యూనిట్లను భవనం రెండు భాగాల మధ్య వెలుతురు కోసం వదిలిన సందులో చూపారు. సందు వెడల్పు 2.4 మీటర్లు, మూడు వైపులా గోడ. పిల్లలు వెళ్లరు, పైపులు 5 మీటర్లలో ముగుస్తాయి, ముందు నుంచి చూస్తే కనబడవు. కాగితం మీద ఇంతకంటే మంచి చోటు లేదు.

యూనిట్ లోతు 33 సెంటీమీటర్లు, వెనుక 10 సెంటీమీటర్ల ఖాళీ. రెండు వైపుల గోడలకూ బిగిస్తే మధ్యలో మిగిలేది 1.54 మీటర్లు, అందులోకి రెండు వైపుల నుంచీ ఫ్యాన్లు ఎదురెదురుగా వేడిగాలిని ఊదుతాయి. పూర్తిగా బిగించకముందే నాలుగు యూనిట్లను తాత్కాలికంగా నిలబెట్టి నడిపి చూశాము. బయట 37 డిగ్రీలున్న వేళ, నలభై నిమిషాల తరువాత యూనిట్ల వెనుక, అంటే అవి గాలి పీల్చుకునే చోట, థర్మామీటర్ కింది వరుసలో 43, పై వరుసలో 50 చూపింది. పుస్తకంలో ఈ మోడల్‌కు గరిష్ఠ పరిమితి 46. మొదట 9.4 ఆంపియర్లు లాగిన యూనిట్ 12.1కి చేరింది, పై వరుసలో ఒకటి పీడనం ఎక్కువై తనంతట తానే ఆగిపోయింది. సందులో పైకి వెళ్లవలసిన వేడిగాలిని పై యూనిట్ పీల్చుకుంటోంది, అది వదిలిన గాలి మళ్లీ దాని వెనక్కే చుట్టి వస్తోంది.

గాలిని పైకి మళ్లించే రేకులు తగిలిస్తే రెండు డిగ్రీలు తగ్గింది. కింది వరుసకూ పై వరుసకూ మధ్య అడ్డురేకు పెడితే పై వరుస కాస్త కుదుటపడి, కింది వరుస వేడెక్కింది. సందులో చోటే లేనప్పుడు రేకులతో చోటు పుట్టదని తేల్చుకుని ఆ ఆలోచన వదిలేశాము.

తరువాత వచ్చిన సూచన పై వరండా. పిట్టగోడకు ఆనించి వరుసగా పెడితే పైపుల పొడవు ఇంకా తగ్గుతుంది. దాన్ని కొలతలతోనే తిరస్కరించాము. వరండా వెడల్పు 2 మీటర్లు, యూనిట్, దాని ఖాళీ పోగా మిగిలేది 1.57; మూడు గదుల పిల్లలు ఒకేసారి బయటపడవలసిన దారి అది. అంతకన్నా ప్రమాదకరమైనది ఎత్తు. పిట్టగోడ 1 మీటరు, యూనిట్ 70 సెంటీమీటర్లు. యూనిట్ మీద కాలు పెట్టి నిలబడిన పిల్లవాడికి పిట్టగోడ 30 సెంటీమీటర్ల గట్టు మాత్రమే. గోడ ఎత్తును నేల నుంచి కాదు, పక్కన కాలు మోపగల వస్తువు పైభాగం నుంచి కొలవాలి. ఈ ఒక్క కారణం చాలు, బడిలో వరండా పిట్టగోడ పక్కన అవుట్‌డోర్ యూనిట్ ఎన్నటికీ ఉండకూడదు.

చివరికి 10 యూనిట్లు డాబా మీదికి వెళ్లాయి. కింది అంతస్తులో చివరి గదికి అక్కడి నుంచి పైపుల దారి కుదరనందున దాని రెండు యూనిట్లు మాత్రం వెనుక గోడకు వచ్చాయి.

డాబా మీద అమరిక ఇలా తేలింది.

1. అయిదు చొప్పున రెండు వరుసలు, వీపులు ఎదురెదురుగా. గాలి పీల్చుకునే వైపులు రెండూ మధ్య నడవలోకి, వేడిగాలి బయటి వైపులకు.
2. మధ్య నడవ 1 మీటరు.
3. పక్కపక్క యూనిట్ల మధ్య 50 సెంటీమీటర్లు, వరుస చివర్లలో 60.
4. ఫ్యాన్ల ముందు 1.5 మీటర్లు పూర్తిగా ఖాళీ.
5. డాబా అంచుకు 2 మీటర్ల లోపల.

ఒక్కో యూనిట్ వెడల్పు 85 సెంటీమీటర్లు. లెక్క వేస్తే పది యూనిట్లు కూర్చునే చోటు 2.8 చదరపు మీటర్లు, అవి పనిచేయడానికీ వాటికి మరమ్మతు చేయడానికీ కావలసిన చోటు 34.7 చదరపు మీటర్లు. స్థలం అడిగేటప్పుడు మొదటి అంకె చెబితే సందు ఇస్తారు. రెండో అంకెతోనే వెళ్లాలి.

ఒక్కోటి 45 కిలోలు కాబట్టి మొత్తం 450 కిలోలు, కాంక్రీటు దిమ్మెలు అదనం. దిమ్మెలు దూలాల మీదికి వచ్చేలా నిర్మాణ ఇంజనీరు గుర్తులు పెట్టారు. నీరు కిందికి దిగకుండా వేసిన పూతకు ఎక్కడా బెజ్జం పడలేదు. అదే 37 డిగ్రీల ఎండలో గాలి పీల్చుకునే చోట 39 డిగ్రీలు, కరెంటు 9.6 ఆంపియర్లు వచ్చాయి.

*ఇప్పటిదాకా లెక్క:* డాబా మీద 10, గోడ మీద 2. పైపుల పొడవు పై గదులకు 7 మీటర్లు, డాబాకు కలిపిన రెండు కింది గదులకు 13, చివరి గదికి 5.

దశ 4: వెనుక గోడ బ్రాకెట్లు

ఆ గోడ బోలు కాంక్రీటు దిమ్మెలతో కట్టినది. ముందుగా అనుకున్న ఎక్స్‌పాన్షన్ బోల్టులు బిగించేకొద్దీ తిరుగుతూనే ఉన్నాయి. ఒకచోట దిమ్మె పైపొర పెచ్చుగా ఊడి, లోపలి బోలు కనబడింది. ఈ బోల్టు తన చుట్టూ ఉన్న ఘనపదార్థాన్ని నెట్టి పట్టు సంపాదిస్తుంది. బోలు దిమ్మెలో నెట్టడానికి ఏమీ ఉండదు.

లెక్క ప్రకారం బరువు గోడకు 25 సెంటీమీటర్ల దూరంలో, పై బోల్టుకూ కింది ఆనుకూ మధ్య 40 సెంటీమీటర్లు ఉంటే, రెండు బ్రాకెట్లలో ఒక్కో పై బోల్టు మీద పడే లాగుడు 14 కిలోల బరువంతే. కానీ సర్వీసుకు వచ్చిన మనిషి పట్టు కోసం యూనిట్‌నే పట్టుకుంటాడు, కంపనం రోజంతా సాగుతూ ఉంటుంది. మార్చిన పద్ధతి ఇది:

1. గోడ ఇవతలి నుంచి అవతలికి 12 మిల్లీమీటర్ల మరకడ్డీ.
2. లోపలి వైపు 15 × 15 సెంటీమీటర్ల, 6 మిల్లీమీటర్ల మందం ఉక్కు పలక.
3. రెండు నట్లు, ఒకదాని మీద ఒకటి.
4. యూనిట్ ఎక్కించే ముందు 180 కిలోల ఇసుక సంచులతో గంటసేపు పరీక్ష.

యూనిట్ అడుగు 2.7 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ వైపు పిల్లలు బంతి ఆడతారు గనుక వల అడిగారు. ఇనుప వలను ఫ్యాన్‌కు 5 సెంటీమీటర్ల దూరంలో పెట్టగానే కరెంటు 9.5 నుంచి 10.4కి పెరిగింది. 30 సెంటీమీటర్లకు జరిపి, కన్ను పెద్దదిగా ఉన్న వలను వాడి, కీలుతో తెరిచేలా చేశాక 9.6 దగ్గర నిలిచింది. నట్లతో శాశ్వతంగా బిగించిన వలను మెకానిక్ ఒకసారి విప్పుతాడు, రెండోసారి విప్పినవాడు తిరిగి పెట్టడు.

దశ 5: పైపులు, వాయువు

ఆర్-32 అంత తేలికగా అంటుకోదు, కానీ మండే గుణం ఉంది. వర్గీకరణలో దాన్ని ఏ2ఎల్ అంటారు. గాలి కంటే బరువైనది, కారితే నేల దగ్గర చేరుతుంది. అందువల్ల ఒక్కో యూనిట్‌లోని మొత్తం వాయువును అది కారగల గదితో పోల్చి చూడాలి. గదిలో ఎన్ని కిలోల వాయువు దాకా ఉండవచ్చో చెప్పే ప్రాథమిక సూత్రం అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం ఐఈసీ 60335-2-40 లో ఉంది: 2.5 × (దహన కనిష్ఠ గాఢత, అంటే గాలిలో అంటుకోవడానికి కనీసం ఉండవలసిన వాయువు, ఘనపు మీటరుకు కిలోల్లో)^1.25 × ఎత్తు గుణకం × నేల వైశాల్యపు వర్గమూలం. ఆర్-32కు ఆ గాఢత 0.307. గోడ యూనిట్‌కు ఎత్తు గుణకం 1.8, నేల మీది యూనిట్‌కు 0.6.

తరగతి గదికి వచ్చే పరిమితి 7.1 కిలోలు. మా యూనిట్‌లో కర్మాగారంలో నింపినది 1.20 కిలోలు, 7.5 మీటర్ల పైపు వరకు సరిపోతుంది. ఆపైన మీటరుకు 20 గ్రాములు కలపాలి. 13 మీటర్లకు 110 గ్రాములు కలిపితే 1.31. ఇబ్బంది లేదు. ఇబ్బంది పైపులు వెళ్లే దారిలోని 5 చదరపు మీటర్ల సామాను గదితో వచ్చింది. నేల మట్టపు గుణకంతో ఆ గది పరిమితి 0.77 కిలోలే. కనుక ఆ గదిలో ఒక్క అతుకు కూడా లేకుండా ఒకే ముక్క రాగి గొట్టం వేసి, గోడల్లోంచి వెళ్లే చోట్ల మంటను ఆపే సీలెంట్‌తో మూశాము.

పీడన పరీక్షకు పొడి నైట్రోజన్ మాత్రమే వాడాలి; ఆక్సిజన్ కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుతుంది. 5, 15, 40 బార్ల మెట్లుగా ఎక్కించి రాత్రంతా వదిలాము. సాయంత్రం 34 డిగ్రీల్లో 40.0 చూపిన గేజి ఉదయం 26 డిగ్రీల్లో 38.9 చూపింది. దాన్ని లీకు అనుకోవద్దు: చల్లబడిన వాయువు పీడనం ఆ మేరకు తగ్గవలసిందే, లెక్కకు 38.9 వస్తుంది. కానీ ఒక లైను 37.6 చూపింది. సబ్బు నీళ్లు రాస్తే ఫ్లేర్ (గరాటులా విప్పిన గొట్టం మూతి) నట్ దగ్గర, గుండుసూది తల కన్నా చిన్న బుడగలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. విప్పి చూస్తే కోత అంచున మిగిలిన రాగి పొట్టు ఫ్లేర్ ముఖం మీద సన్నని గీత పెట్టింది. ముక్క కోసి, గొట్టం మూతిని కిందికి వంచి అంచు గీకి, కొత్త ఫ్లేర్ చేసి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాము: 6.35 మిల్లీమీటర్ల గొట్టానికి 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, 12.7కు 49 నుంచి 61.

తరువాత పంపుతో పైపుల్లోని గాలిని లాగేసి వాక్యూమ్‌ను 500 మైక్రాన్ల (అతి తక్కువ పీడనాలకు వాడే కొలమానం) కిందికి దించి, పంపు ఆపి గేజిని గమనించాలి. పెరిగి ఒకచోట ఆగితే లోపల తేమ ఉంది. ఆగకుండా పెరుగుతూ పోతే లీకు. రెండు లైన్లలో తేమ కనిపించింది. నైట్రోజన్ నింపి వదిలి మళ్లీ లాగడంతో సరిపోయింది.

*ఇప్పటిదాకా లెక్క:* 12 యూనిట్లలో 14.84 కిలోల ఆర్-32. దీని భూతాప ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 675 రెట్లు కాబట్టి మొత్తం సుమారు 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. పైపు విప్పేటప్పుడు వాయువును ఊరికే వదిలేయకుండా సిలిండర్‌లోకి తిరిగి తీసుకోవాలని ప్రతి యూనిట్ మీదా రాసి అంటించాము.

దశ 6: కరెంటు

సరఫరా 230 వోల్టులు, మూడు ఫేజులు, ఫేజుకు నాలుగు యూనిట్లు. యూనిట్‌కు 2.2 కిలోవాట్లు, 10 ఆంపియర్లు. అతి దూరపు యూనిట్‌కు వైరు 35 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో 6.3 వోల్టులు పడిపోతుంది, 4తో 3.9. అన్ని యూనిట్లకూ 4నే వేశాము.

మొదటి బోర్డులో ఫేజుకు ఒకటి చొప్పున 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపే పరికరం) ఉండేది. రెండు మూడు ఏసీలు నడిచినంతసేపు బాగుంది. నాలుగూ, వెంటిలేటర్లూ కలిసి నడవగానే మూడు ఫేజుల్లోనూ ట్రిప్ కావడం మొదలైంది. లీకేజి క్లాంప్ మీటర్‌తో చూస్తే చెడిపోయిన యూనిట్ ఒక్కటీ లేదు. ఇన్వర్టర్ ఏసీలో విద్యుత్ అలజడిని వడకట్టే ఫిల్టరు (గాలి ఫిల్టరు కాదు) మామూలుగానే కొంత కరెంటును ఎర్త్‌లోకి పంపుతుంది: ఒక్కోటి 3.6 మిల్లీ ఆంపియర్లు, వెంటిలేటర్ 0.6. నాలుగు ఏసీలు, రెండు వెంటిలేటర్లు కలిపి 15.6. 30 అని రాసి ఉన్న పరికరం 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా తెగవచ్చు, అది దాని లోపం కాదు. 100 మిల్లీ ఆంపియర్లది వేస్తే పోతుందని సలహా వచ్చింది. మనిషి ప్రాణం కాపాడేది 30 అంకె కాబట్టి ఒప్పుకోలేదు. యూనిట్‌కు ఒకటి చొప్పున 20 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల, ‘ఏ’ (A) రకం ఆర్‌సీబీఓలు (లీకేజికీ, అధిక కరెంటుకూ తెగే పరికరాలు) వేశాము. ‘ఏసీ’ (AC) రకం అని ముద్రించి ఉండేవి ఇన్వర్టర్ల నుంచి వచ్చే లీకేజిని సరిగా గుర్తించలేవు; ఆ పేరు చూసి ఏసీలకు ఉద్దేశించినవే అనుకుని కొనేవారున్నారు.

ప్రతి అవుట్‌డోర్ యూనిట్ పక్కన తాళం వేయగల ఐసోలేటర్ (సరఫరాను పూర్తిగా తెంచే స్విచ్చి) ఉంది. అగ్ని అలారం మోగితే ఏసీలు, వెంటిలేటర్లు ఒకేసారి ఆగిపోతాయి. 2 మీటర్ల ఎత్తు దాకా పైపులు, వైర్లు రేకు పెట్టెలో ఉన్నాయి, మరలు మామూలు స్క్రూడ్రైవర్‌కు తిరగవు.

*ఇప్పటిదాకా లెక్క:* ఏసీలు 26.4 కిలోవాట్లు, వెంటిలేటర్లు 1.2, మొత్తం 27.6. ఏసీలకు ఫేజుకు 40 ఆంపియర్లు.

దశ 7: డ్రెయిన్, అప్పగింత

డ్రెయిన్ పైపుకు మీటరుకు 1 సెంటీమీటరు వాలు కనీసం ఉండాలి. 9 మీటర్ల పొడవుకు 9 సెంటీమీటర్లు దిగాలి, మధ్యలో లింటెల్ అడ్డొచ్చింది. గదికి ఒకే డ్రెయిన్ అన్నది మాని రెండు వేశాము. ముడతల పైపు కొక్కేల మధ్య వేలాడిన చోటల్లా నీరు నిలిచింది కనుక దాన్ని తీసి గట్టి పీవీసీ పైపు వేసి, ఇండోర్ యూనిట్ పళ్లెంలో రెండు లీటర్ల నీళ్లు పోసి చివర ఎంత వచ్చిందో చూశాము.

అప్పగించే ముందు మెకానిక్ ప్రతి యూనిట్ పక్క రేకునూ తన పనిముట్లతో విప్పి తిరిగి బిగించాలన్న షరతు పెట్టాము. డాబా మీద రెండింటికి రేకు సగమే జరిగింది. పైపుల పెట్టె అడ్డంగా ఉంది. పెట్టెను 40 సెంటీమీటర్లు జరిపాక అవీ తెరుచుకున్నాయి. ఒక్కో యూనిట్ కరెంటు, గాలి పీల్చుకునే చోట ఉష్ణోగ్రత, లీకేజి, పైపు పొడవు, మొత్తం వాయువు రాసిన పట్టికను బోర్డు తలుపు లోపలి వైపు అంటించాము. ఆర్‌సీబీఓల పరీక్ష మీట నొక్కిన తేదీకి అందులోనే ఒక గడి ఉంది. డాబా తాళంచెవి ఒకటి కార్యాలయంలో, మరొకటి రాత్రి కాపలాదారు దగ్గర ఉంటాయి.